శనివారం నాలుగింటి ఆవిరి

జనరేటరు మొండికేసిందని ఫోన్ చేసేవాళ్ళు మామూలుగా అడిగేది ఒకటే, ఎప్పుడొస్తావు అని. సైమా కంగస్ అది అడగలేదు. "శనివారం నాలుగింటికల్లా అది తిరగాలి. నాలుగు దాటి వచ్చేట్టయితే అసలు రానే అక్కర్లేదు" అని చెప్పి పెట్టేసింది. డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో కొడుకు ఈడు మెకానిక్కుని బతిమాలుకునే రకం కాదు ఆవిడ.

నోలన్ త్రెవారో ఆ శనివారం ఒంటిగంటన్నరకే బయల్దేరాడు. చీకటి పడేసరికి సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి దిగుతుందని రేడియో పొద్దుటి నుంచీ ఊదరగొడుతోంది. ఉత్తరాన పెద్ద సరస్సులోకి చొచ్చుకుపోయిన కీవనాలో డిసెంబరు చలి కొత్తేమీ కాదు. కానీ జనానికి జనరేటరు గుర్తొచ్చేది సరిగ్గా అలాంటి రోజునే. ఆయిల్ మార్పించుకోండి, బ్యాటరీ చూపించుకోండి అని అక్టోబరులో ఇంటింటికీ చీటీలు పంచితే, వాటితో పొయ్యి రాజేసుకుంటారు. చలి నెత్తికెక్కాక మాత్రం అందరికీ నోలన్ దేవుడే. ఆ దేవుడికి వారం రోజులుగా కంటి నిండా నిద్ర లేదు.

సైమా ఇల్లు రోడ్డు చివర, సరస్సుకి ఎదురుగా ఉంటుంది. ఆవిడ భర్త తౌనో ఆగస్టులో పోయాడు. ఇంటి వెనక సౌనాలో, అంటే ఆవిరి స్నానాల గదిలో, పై బల్ల మీద, ఆవిరి పట్టుకుంటూ గుండె ఆగి పోయాడు. నోలన్ అంత్యక్రియలకి వెళ్ళాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కడం ఇదే.

సైమా తలుపు తీసుకునే నిలబడి ఉంది.

"వచ్చావా కార్నిష్ దొరా. టైమెంతైందో చూసుకున్నావా?"

"రెండే కదా సైమమ్మా. ఇంకా రెండు గంటలుంది."

"మీ వాళ్ళకి రెండు గంటలు టీ తాగడానికే చాలవు."

"మీ వాళ్ళు పాస్టీలో కుక్కిన క్యారెట్ ఏరి పారేయడానికే నాకు గంట పడుతుంది మరి."

ఆవిడ నవ్వలేదు. అదే నోలన్‌కి వింతగా అనిపించింది. మాంసమూ బంగాళాదుంపా పెట్టి కాల్చే ఆ పాస్టీలో క్యారెట్ వేయొచ్చా కూడదా అని గనుల పనికి వలసొచ్చిన సైమా ఫిన్నిష్ వాళ్ళూ, నోలన్ కార్నిష్ వాళ్ళూ అక్కడ తాతల కాలం నుంచీ తగవు పడుతూనే ఉన్నారు. ఆ మాటెత్తితే సైమా పని మానుకుని మరీ వాదనకి దిగేది. ఇవాళ గోడ గడియారం వైపు చూసి ఊరుకుంది.  

ఇంటి వెనక్కి వెళ్తే జనరేటరు కనిపించలేదు. ఉండాల్సిన చోట మంచు గుట్ట ఉంది.

గట్టి మంచు పడకముందే ఇంటి పునాది చుట్టూ దేవదారు కొమ్మలు పేర్చి, మంచు ఎగదోసి కట్ట కట్టడం అక్కడి పాతకాలపు వాళ్ళ అలవాటు. నేల కిందనుంచి చలిగాలి దూరకుండా ఇల్లు వెచ్చగా ఉంటుంది. సైమా ఇంటికి కట్టినట్టే జనరేటరుకీ కట్ట కట్టింది. పైన పాత తివాచీ కప్పింది. కట్ట అంతటితో ఆగలేదు. సైలెన్సర్ గొట్టం ఉన్న వైపు నుంచి సౌనా గోడ దాకా, మూడడుగుల పొడవున, కొమ్మలతో గూడు కట్టినట్టు సాగింది.

"ఇదేం పనమ్మా? ఇది మెషీననుకున్నారా, ఈనిన ఆవనుకున్నారా?"

"చలేస్తుందని కప్పాను."

"దానికి గాలాడాలి. ముక్కూ నోరూ మూసేసి ఊపిరి పీల్చమంటే ఎట్లా?"

"ఐదు వారాలు బాగానే పీల్చింది. పోయిన శనివారమే లేవలేదు. బ్యాటరీ పోయుంటుంది. అది మార్చు. ఈ వైపు మూత తీసుకో చాలు. సౌనా వైపు కట్ట జోలికి పోకు."

కరెంటు పోగానే తనంతట తాను అందుకునే జనరేటరు అది. ఎవరూ మీట నొక్కక్కర్లేదు. వారానికొకసారి, మనం పెట్టిన వేళకి, తనంతట తానే లేచి పన్నెండు నిమిషాలు తిరిగి, నేను బాగానే ఉన్నానని చెప్పి ఆగిపోతుంది. ఆ వేళ పెట్టింది తౌనో. శనివారం నాలుగంటే ఆ ఇంట్లో సౌనా వేళ. లోపల ఆవిరి పట్టుకుంటూ బయట ఇంజను చప్పుడు వినడం ఆయనకి సరదా.

నోలన్ మూత తీశాడు. బ్యాటరీ కొసల మీద ఆకుపచ్చగా బూజులా పేరుకుంది. లోపలి మూలలో ఎలుక గూడు పెట్టింది. ఆయిల్ బెల్లం పాకంలా చిక్కబడి ఉంది. ఎండాకాలం ఆయిల్‌తో ఈ చలిలో ఏ ఇంజను లేస్తుంది? గూడు దులిపి, కొసలు గీకి, కొత్త బ్యాటరీ పెట్టి, దాని కింద వెచ్చబెట్టే పలక అమర్చాడు. పాత ఆయిల్ దిగాలంటే ఇంజను కాస్త వేడెక్కాలి. మీట నొక్కాడు. రెండు సార్లు దగ్గి అందుకుంది.

సౌనా వైపు కట్ట అప్పుడే తీసేయాల్సింది. విషవాయువు పసిగట్టే మీటరు బెల్టుకి తగిలించుకోవాల్సింది. మీటరు వ్యానులో ఉంది. కట్ట సంగతి ఆయిల్ దింపాక చూద్దాంలే అనుకున్నాడు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు అనుకోవాల్సిన మాట కాదది. కానీ వేళ్ళు మొద్దుబారిపోయి పానా పట్టు తప్పుతోంది.

వంటింటి గుమ్మంలోంచి సైమా కేకేసింది. "అది తిరిగినంతసేపూ సౌనాలో కూర్చుని చేతులు కాచుకో. నాలుగింటికి కావాలని ముందే పొయ్యి రాజేశాను."

ఈ ఊరి వాళ్ళు సౌనాకి రమ్మంటే నోలన్ ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేవాడు. ఆ రోజు ఎదురు చెప్పకుండా వెళ్ళాడు.

లోపల ఒక్కటే చిన్న కిటికీ. దాని మీద మంచు పేరుకుని వెలుతురు పాలిపోయి ఉంది. మూల ఇనప పొయ్యి, దాని మీద నల్లటి రాళ్ళ కుప్ప. గోడ వారగా మెట్లలా రెండు చెక్క బల్లలు. కోటు గుండీలు విప్పుకుని కింది బల్ల మీద కూర్చున్నాడు. గోడకి నేల దగ్గర జానెడు కన్నం ఉంది. పొయ్యి ఆ కన్నంలోంచి గాలిని సన్నగా ఈలేస్తూ లాక్కుంటోంది. బయట ఇంజను గుడగుడలాడుతోంది. వారం రోజుల అలసట కాళ్ళలోంచి దిగిపోతున్నట్టయింది. కళ్ళు బరువెక్కాయి.

రాళ్ళ మీద ఎవరో నీళ్ళు పోశారు. సుయ్యిమంది.

నోలన్ పోయలేదు. చెంబు తొట్టిలోనే తేలుతోంది. ఆవిరి కప్పుని తాకి భుజాల మీదకి దిగింది. వెనక పై బల్ల మీద చెక్క కిర్రుమంది, మనిషి బరువు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి మారినట్టు.

"అన్నా."

తిరగకుండానే అది ఎవరి గొంతో తెలిసింది. భయం వేయలేదు. భయం వేయకపోవడమే ఎంత భయంకరమో ఆ తర్వాత చాలా రోజులు తలుచుకున్నాడు.

తిరిగి చూశాడు. తమ్ముడు జోరీ పై బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ళ వాడు, పంతొమ్మిదేళ్ళ వాడిలాగే ఉన్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. అంత వేడిలోనూ ఆ నీళ్ళు ఆవిరి కావడం లేదు. ఎడమ చేతికి ఉన్ని తొడుగు ఉంది. కుడి చేతికి లేదు.

"చెయ్యి ఎందుకు వదిలేశావన్నా?"

"వదల్లేదురా. జారిపోయింది."

"మళ్ళీ పట్టుకో మరి."

జోరీ కుడి చెయ్యి చాచాడు. పట్టుకోవాలంటే పై బల్ల ఎక్కాలి. నోలన్ లేచి ఒక మోకాలు కింది బల్ల మీద మోపాడు. రెండో కాలు మాట వినలేదు. ఫరవాలేదు, పాక్కుంటూ వెళ్ళొచ్చనిపించింది. ఇంకో జానెడు దూరం.

ఎక్కడో గంట గణగణ మోగింది. తలుపు తెరుచుకుంది. చలిగాలి చెంపదెబ్బలా కొట్టింది. ఎవరో చంకల కింద చేతులేసి ఈడ్చారు.

"పన్నెండు నిమిషాలైంది. లే. లేవరా నాయనా, నువ్వు బరువున్నావు."

మంచులో మోకాళ్ళ మీద పడి వాంతి చేసుకున్నాడు. తల రెండుగా పగులుతున్నంత నొప్పి. సైమా పక్కనే నిలబడి ఉంది. ఆవిడ ఏప్రన్ జేబులో వంటింటి అలారం ఇంకా మోగుతూనే ఉంది. దాన్ని నొక్కి ఆపి, వంగి అతని మొహంలోకి చూసింది.

"నీకెవరొచ్చారు?" అని అడిగింది.

 నోలన్ తూలుకుంటూ వెళ్ళి ఇంజను ఆపాడు. వ్యానులోంచి మీటరు తెచ్చి సౌనా గుమ్మంలో పెట్టాడు. అది కీచుమని అరిచి, అంకెలు పరుగెత్తించి, అరుస్తూనే ఉంది.

ఆ కట్ట ఏం చేస్తోందో అప్పుడు తలకెక్కింది. పొగ బయటికి పోవడానికి వేరే దారి లేదు. కొమ్మల గూట్లోంచి నేరుగా గోడ కన్నం దగ్గరికి పోతోంది. లోపల మండే పొయ్యి దాన్ని పీల్చుకుంటోంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. బుగ్గలు ఎర్రబడతాయి, నిద్ర ముంచుకొస్తుంది, లేనివాళ్ళు కనిపిస్తారు. ఆ తర్వాత ఇక ఏమీ కనిపించదు.

"నన్ను చంపేసేదానివి కదమ్మా!" అని అరిచాడు. మర్యాద ఎగిరిపోయింది.

"అలారం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. పన్నెండు నిమిషాలకి ఏమీ కాదు. నాకు కాలేదుగా."

"అంటే నీకు తెలుసా?"

"ముప్ఫై నాలుగేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేశాను. మూసేసిన గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి కూర్చున్నవాళ్ళని ఎంతమందిని మోసుకొస్తే చూశానో. ఎర్ర బుగ్గలకి అర్థం నాకు తెలీదా?" సైమా కొమ్మల మీద మంచు దులుపుతూ, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. "మొదట తెలియకే కప్పాను. మా అమ్మ ఇంటికి కప్పేది, నేను దీనికీ కప్పాను. ఆ శనివారం తౌనో వచ్చాడు. రెండో వారం తలనొప్పి వచ్చింది. మూడో వారానికి నాకు అర్థమైంది. అర్థమయ్యాకే సౌనా గోడ దాకా పెంచాను. నీకు కూడా ఎవరైనా వస్తారేమో చూద్దామనుకున్నాను. వస్తే నాకు పిచ్చి లేనట్టు."

 నోలన్ పార తీసుకుని కట్ట మీద పడ్డాడు. తలనొప్పి మీదా, ఆవిడ మీదా, తన మీదా ఉన్న కోపమంతా ఆ మంచు మీద తీర్చుకున్నాడు. కొమ్మలన్నీ పీకి దూరంగా విసిరాడు. గోడ కన్నానికి చెక్క పెట్టి మేకులు కొట్టాడు. పొయ్యికి గాలి కావాలి కదా అని అవతలి వైపు, తలుపు కింద, కొత్త కన్నం కోశాడు. జనరేటరు చుట్టూ నాలుగు వైపులా నేల కనిపించేదాకా మంచు ఎత్తిపోశాడు. పాత ఆయిల్ దింపి, చలికి చిక్కబడని పల్చటి ఆయిల్ పోశాడు. ఆయిల్ పాన్‌కి హీటరు పట్టీ చుట్టాడు. గ్యాసు ట్యాంకు మూతి మీద పేరుకున్న మంచు రాల్చాడు. సైమా అడ్డు చెప్పలేదు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

అంతా అయ్యాక అంది. "బాగుంది. కొమ్మలు ఎక్కడ పడేశావో చూశాను. పార నాకూ ఉంది. నువ్వు మళ్ళీ వచ్చేది వచ్చే ఏడాదేగా."

నిజమే. మళ్ళీ కట్టుకోవడానికి ఆవిడకి గంట పట్టదు. ఈ చలికి కరెంటు పోతే జనరేటరు పన్నెండు నిమిషాలతో ఆగదు, రోజంతా తిరుగుతుంది. అప్పుడు సైమా లోపల ఉంటే ఏ అలారమూ లేపదు. ఇవాళ తాను బాగుచేసి వెళ్తున్న ఇంజను, ఎంత చలికైనా లేచే ఇంజను, ఈవిణ్ణి చంపుతుంది. నోలన్ పార కింద పెట్టాడు.

"తౌనో గారు వచ్చి ఏమంటారు?" అని అడిగాడు.

సైమా సరస్సు వైపు తిరిగింది.

"మూడుసార్లు పిలిచాను సైమా, నువ్వు రాలేదు అంటాడు. ప్రతి వారం అదే మాట. ఆ రోజు నేను వంటింట్లో బ్లూబెర్రీ జామ్ వండుతున్నాను. రేడియో గట్టిగా పెట్టుకున్నాను. అరగంటకి వెళ్ళి చూస్తే ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది." ఆవిడ కట్టుకున్న చేతులు విప్పింది. "పిలిచాడో లేదో నాకు తెలీదు నోలన్. నలభై రెండేళ్ళు కాపురం చేసి, చివర్లో పిలిచాడో లేదో తెలీని పెళ్ళాన్ని నేను. పిలిచిన మనిషి దగ్గరికి ఇప్పుడైనా వెళ్ళాలా వద్దా? మా భాషలో లోయ్‌లూ అంటాం. రాళ్ళ మీంచి లేచే ఆవిరికీ అదే మాట. మా పూర్వీకులకి, మనిషిలోంచి పోయే ప్రాణానికీ అదే మాట. ఆయన అందులోనే పోయాడు. అందులోంచే వస్తున్నాడు."

నోలన్ వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు. ఈ సంగతి ఇరవై రెండేళ్ళుగా పెళ్ళాంతో కూడా అనలేదు.

"నాకు మా తమ్ముడొచ్చాడు. జోరీ. సరస్సు మీద మంచు పగిలి స్నోమొబైల్ బండితో సహా మునిగిపోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. చేతితొడుగు నా చేతిలో మిగిలింది, వాడు జారిపోయాడు. ఇందాక పై బల్ల మీద కూర్చుని, చెయ్యి ఎందుకు వదిలేశావన్నా అన్నాడు."

"చూశావా మరి!"

"వినమ్మా. మునిగిపోయేటప్పుడు వాడు ఆ మాట అనలేదు. ఏమీ అనలేదు. నోట్లోకి నీళ్ళు పోతుంటే ఏమంటాడు? ఆ మాట నాది. ఇరవై రెండేళ్ళుగా అద్దం ముందు గడ్డం గీసుకుంటూ నాకు నేను అనుకునే మాట. ఒక్క అక్షరం తేడా లేదు. వచ్చింది జోరీ అయితే ఇంకేదైనా చెప్పేవాడు. అమ్మ గురించి అడిగేవాడు. కనీసం నన్ను తిట్టేవాడు. వాడికి నోరెక్కువ."

సైమా దూరంగా పడున్న కొమ్మల వైపు చూసింది.

"తౌనో గారు మీకు తెలీని మాట ఒక్కటైనా చెప్పారా?"

ఆవిడ ఐదు శనివారాలూ వేళ్ళ మీద ఒక్కొక్కటే లెక్కపెట్టింది.  మొహం తెల్లబడింది. గోడ పట్టుకుని నెమ్మదిగా సౌనా వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"పది నిమిషాల్లో నాలుగవుతుంది. ఒక్కదాన్నే కూర్చోలేను. రా."

ఇద్దరూ కింది బల్ల మీద కూర్చున్నారు. ఆవిడ కాటన్ గౌనులో, అతను చొక్కా చేతులు మడుచుకుని, కాళ్ళకి మేజోళ్ళతో. అలా బట్టలతో కూర్చుంటే మామూలుగా ఫిన్నిష్ వాళ్ళు విరగబడి నవ్వుతారు. మీటరు ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాడు. సున్నా చూపిస్తోంది. పై బల్ల వైపు ఇద్దరూ చూడలేదు.

సరిగ్గా నాలుగింటికి బయట జనరేటరు తనంతట తాను లేచింది. ఈసారి దగ్గలేదు. ఒకే ఊపున అందుకుని గుడగుడమని సాగింది. సైమా చెంబుతో నీళ్ళు ముంచి రాళ్ళ మీద పోసింది. ఆవిరి సుయ్యిమని లేచింది. కప్పుకి తగిలి భుజాల మీదకి దిగింది. సైమా ఊపిరి బిగబట్టి వింటోంది.

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. వెనక చెక్క ఎక్కడో టక్‌మంది, వేడికి చెక్క చేసే చప్పుడే అది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మీటరు సున్నా దగ్గరే ఉంది. నోలన్‌కి తాను కూడా చెవులు రిక్కించి కూర్చున్న సంగతి అప్పుడు తెలిసింది. ఎవరైనా వస్తారేమోనని భయం. రారేమోనని అంతకంటే భయం. తెల్లటి ఆవిరిలో పై బల్ల ఖాళీగా ఉండడం, జోరీ కూర్చుని ఉండడం కన్నా ఘోరంగా అనిపించింది.

సైమా ఇంకో చెంబు పోసింది. ఇంకో చెంబు. మధ్యలో చెయ్యి చాచి నోలన్ మణికట్టు పట్టుకుంది. గట్టిగా, గోళ్ళు దిగేలా పట్టుకుంది.

పన్నెండు నిమిషాలకి ఇంజను ఆగిపోయింది. అంతవరకూ ఆ చప్పుడు కప్పిపెట్టిన నిశ్శబ్దమంతా ఒక్కసారి గదిలోకి వచ్చింది. కిటికీ మీద మంచు కరిగి నీళ్ళు గీతల్లా జారుతున్నాయి. 

"పిలవలేదు" అంది సైమా.

 ఇక్కడ ఈ రోజు వినిపించకపోవడం ఆగస్టులో జరిగినదానికి రుజువు కాదని నోలన్‌కి తెలుసు. నర్సుగా చేసిన మనిషి, ఆవిడకీ తెలుసు.

"పిలవలేదు నోలన్. ఒక్కసారి కూడా పిలవలేదు" అని మళ్ళీ అంది, పెద్దగా, నాలుగు నెలలుగా మోస్తున్నది దింపుకున్నట్టు. మొహం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చింది. నోలన్ చెంబు అందుకుని రాళ్ళ మీద కొంచెం నీళ్ళు పోశాడు.